యోగానంద్ నల్లబడ్డాడు

ఆ శనివారం ఉదయం యోగానంద్ చేయవలసిన పని చాలా చిన్నది. ఇండియన్ స్టోర్‌కు వెళ్ళి పెరుగు, కరివేపాకు, కొత్తిమీర తీసుకుని, ఎవరి కంటా పడకుండా ఇంటికి తిరిగి రావాలి. కెనడాలోని రెజైనాలో తెలుగువాళ్ళు శనివారం పూట ఆలస్యంగా గానీ మంచం దిగరు. స్టోర్ మాత్రం పొద్దున్నే తెరుస్తారు. బయట మైనస్ ముప్ఫై. ముఖానికి మఫ్లర్ చుట్టుకుని తిరిగే మనిషిని అనుమానించేవాళ్ళు ఆ ఊళ్ళో ఉండరు. ఇదంతా అతని భార్య తేజశ్రీ ఆలోచించి పెట్టిన ప్లాను.

"మఫ్లర్ మాత్రం తీయకు," అని ఆమె గుమ్మం దగ్గర మరోసారి చెప్పింది. "ఎవరైనా పలకరిస్తే దగ్గు. మాట్లాడకు."

దాచవలసినది అతని ముఖమే. ముందురోజు సాయంత్రమే వాళ్ళిద్దరూ మెక్సికో నుంచి దిగారు. ప్వెర్టో వయార్టా నగరం, దాని పక్కన బుసెరియాస్, సయులిటా అనే సముద్రపు ఊళ్ళు, ఆ పైన బస్సులో పోతే మజట్లాన్. పది రోజుల పాటు పసిఫిక్ తీరమంతా తిరిగారు. రెజైనాలో చలికాలపు సూర్యుడు ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్ళిపోతాడు, ఉన్న కాసేపూ ఏ పనీ చేయడు. అలాంటి ఊరి నుంచి వెళ్ళినవాడికి నిజమైన ఎండ కనబడితే ఎలా ఉంటుందో యోగానంద్‌కు అలాగే అయింది. తేజశ్రీ సన్‌స్క్రీన్ డబ్బా చేతికిస్తే అతను నవ్వాడు. అది తెల్లవాళ్ళకని, గుడివాడ ఎండల్లో క్రికెట్ ఆడి పెరిగిన ఒంటికి అవసరం లేదని చెప్పి, రోజూ ఇసుకలో వెల్లకిలా ఒక పూట, బోర్లా ఒక పూట పడుకున్నాడు. ఇప్పుడు అతని ముఖం పెనం అడుగులా ఉంది. కళ్ళ చుట్టూ మాత్రం గాగుల్స్ పెట్టుకున్న మేర తెల్లగా మిగిలింది. ముక్కు మీద పొర లేస్తోంది. తేజశ్రీ డబ్బా వాడింది కాబట్టి అతని కంటే ఒక్క ఛాయ తక్కువ నల్లబడింది.

నల్లబడితే వచ్చిన నష్టం ఏమీ లేదు. అయితే ఈ పది రోజులూ యోగానంద్ వైరల్ ఫీవర్‌తో ఇంట్లో పడి ఉన్నాడని ఊరందరికీ చెప్పారు.

అలా చెప్పడానికి కారణం విశ్వనాథం గారు. ఆయన రిటైరైన డాక్టరు. చాలా ఏళ్ళ కిందట కాకినాడ నుంచి వచ్చి ఆ ఊళ్ళో స్థిరపడ్డ పెద్దమనిషి. యోగానంద్ ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం వచ్చి ఒంటరిగా రెజైనాలో దిగినప్పుడు ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకెళ్ళింది ఆయనే. తన వింటర్ కోటు ఇచ్చింది, ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఐస్ మీద పక్కన కూర్చుని కారు నేర్పింది కూడా ఆయనే. ఆ ఊళ్ళో యోగానంద్‌కు తండ్రి లాంటి మనిషి ఆయనొక్కరే. ఆ విశ్వనాథం గారికి డెబ్భై ఏళ్ళు నిండుతున్నాయని భీమరథ శాంతి పెట్టుకున్నారు. ముహూర్తం కుదిరేసరికి వీళ్ళ టికెట్లు కొనడం అయిపోయింది. సస్కటూన్ నుంచి పంతులుగారిని కారులో తీసుకురావడం, హాలు చూసుకోవడం, కొడుకు స్థానంలో పక్కన నిలబడడం, అన్నీ యోగానంద్‌కే అప్పజెప్పారు. రాలేనని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. చివరికి జ్వరం వచ్చింది. ఫ్యామిలీ డాక్టర్ ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దన్నాడని తేజశ్రీ మెసేజ్ పెట్టింది. ఆ తరువాత ఫంక్షన్ ఫోటోలు చూసి బాధపడడం ఎందుకని తెలుగు గ్రూపును మ్యూట్ చేసింది.

"అంకుల్‌కి తెలిస్తే మళ్ళీ ఆ గడప తొక్కనివ్వరు," అని యోగానంద్ తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కిన దగ్గర్నుంచి అంటూనే ఉన్నాడు.

స్టోర్‌లో వెచ్చగా ఉంది. మఫ్లర్ మీద పేరుకున్న మంచు కరిగి మెడలోకి నీళ్ళు కారసాగాయి. కరివేపాకు బుట్ట దగ్గర ఎవరూ లేరని చూసుకుని, ఒక్కసారి ఊపిరి తీసుకుందామని యోగానంద్ మఫ్లర్ కిందికి లాగాడు.

"ఎవరూ... యోగానందా?"

వెనుక బాలత్రిపురసుందరి గారు తమలపాకుల కట్టతో నిలబడి ఉన్నారు. ఆమె విశ్వనాథం గారి భార్య. శనివారం పొద్దున్నే లేచే తెలుగు మనిషి ఆ ఊళ్ళో ఆమె ఒక్కరేనన్న సంగతి తేజశ్రీ ప్లానులో లేదు.

"ఇదేం రూపం నాయనా," అన్నారు ఆమె, తమలపాకులు కొత్తిమీర మీద పడేసి. "బొగ్గయిపోయావు. కళ్ళు చూడు, ఎట్లా పాలిపోయాయో."

యోగానంద్ చెప్పినట్టే దగ్గాడు. అతను చేయకుండా ఉండవలసిన పని అదే. ఆమె అతన్ని పక్కనున్న బియ్యం బస్తాల మీద కూర్చోబెట్టి, అంకుల్ ఎంత బెంగపడుతున్నారో చెప్పారు. యోగి లేకుండా తాను పీటల మీద కూర్చోనని ఆయన పట్టుబట్టారట. పంతులుగారికి ఫోన్ చేసి శాంతి వాయిదా వేయించారట. ఇంతకాలం కాపురంలో ఆయన అంత గట్టిగా మాట్లాడడం ఆమె ఎప్పుడూ చూడలేదట.

ఆ మాట వినగానే యోగానంద్‌కు నిజంగానే చెమటలు పట్టాయి. ఆమె అది కూడా గమనించారు.

ఆమె తన కారులో అతని వెనుకే ఇంటికి వచ్చారు. తలుపు తీసిన తేజశ్రీని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. దాచుకోవడానికి తేజశ్రీకి మఫ్లర్ కూడా లేదు.

"నువ్వు కూడానా తల్లీ," అన్నారు. తేజశ్రీ చెంప తడిమారు. "సేవ చేసి చేసి మాడిపోయావు."

తేజశ్రీ అవునన్నట్టు తల ఊపింది.

మధ్యాహ్నానికల్లా ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ సంగతి తెలిసిపోయింది. గ్రూపులో లివర్ అన్నవాళ్ళు కొందరు, కిడ్నీ అన్నవాళ్ళు కొందరు. లివరే అయి ఉంటుందని ఎక్కువమంది తేల్చారు. ఏది అయినా ఉప్పు, నూనె, కారం పనికిరావని అందరూ ఒప్పుకున్నారు. పది రోజులు మొక్కజొన్న రొట్టెలు, చేపలు తిని, ఆవకాయ అన్నం కోసం నాలుక పీకుతున్న యోగానంద్‌కు వరుసగా రాగిజావ, బార్లీ నీళ్ళు, ఉప్పు లేని బీరకాయ, మళ్ళీ రాగిజావ వచ్చాయి. తెచ్చినవాళ్ళు తాగేదాకా కదలలేదు.

పక్క వీధి దంపతులు నీరజ, దీపక్ మాత్రం తిండితో సరిపెట్టలేదు. నీరజకు తేజశ్రీ ప్రాణ స్నేహితురాలు. ఆమె వస్తూనే తేజశ్రీని సోఫాలో కూర్చోబెట్టి, కొంగు బిగించినంత పని చేసి, వాక్యూమ్ క్లీనర్ తీసింది. బెడ్‌రూమ్‌లో సూట్‌కేసు పక్కన వాక్యూమ్ గరగరమంది. నీరజ వంగి, కార్పెట్ మీద నుంచి చిటికెడు ఇసుక వేళ్ళతో తీసి చూసింది.

"తేజా, ఇంట్లో ఇసుకేంటే?"

బయట గజం లోతు మంచు ఉన్న ఊళ్ళో, బెడ్‌రూమ్‌లోకి తెల్లటి మెత్తటి ఇసుక ఎలా వస్తుందో చెప్పడం కష్టం. తేజశ్రీ కిటికీ వైపు చూసింది, సీలింగ్ వైపు చూసింది. చివరికి వాళ్ళ నాయనమ్మ గుర్తొచ్చింది.

"కాపడం పెట్టాను," అంది. "వేయించి, గుడ్డలో మూట కట్టి."

నీరజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇసుక కాపడం దాకా వెళ్ళిందంటే మందులు పనిచేయడం మానేసినట్టేనని ఆమె అర్థం చేసుకుంది. ఆ మాట వంటింట్లో ఉన్న బాలత్రిపురసుందరి గారికి చెప్పింది. కాపడం అంటే ఆ కాస్త ఇసుక ఎక్కడ సరిపోతుందని ఆమె అన్నారు. దీపక్ కారు తాళాలు తీసుకుని హార్డ్‌వేర్ షాపుకు పోయాడు. పిల్లలు ఆడుకునే ఇసుక బస్తా ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు.

"అన్నా, నువ్వు పరేషాన్ కాకు," అని బస్తా దించుతూ యోగానంద్‌కు ధైర్యం చెప్పాడు. "సరిపోకుంటే ఇంకోటి తెస్త."

ఆ బస్తా లోపలికి వస్తుండగానే ఎదురింటి గ్యారీ కూడా వచ్చాడు. అతనిది పుట్టుకతోనే ఆ ఊరు, రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. ఇంటి ముందు ఇన్ని కార్లు ఎందుకున్నాయో చూద్దామని వచ్చి, దుప్పటి కప్పుకుని కూర్చున్న యోగానంద్‌ను చూసి ముఖమంతా నవ్వు చేసుకున్నాడు. అబ్బ, ఎంత మంచి రంగు వచ్చావోయ్, ఎవరికైనా అసూయ పుడుతుంది అన్నాడు ఇంగ్లీషులో.

గదిలో అందరూ గ్యారీ వైపు తిరిగారు. యోగానంద్ కళ్ళు మూసుకున్నాడు. ఇంక అయిపోయింది అనుకున్నాడు.

నీరజ గ్యారీని వరండాలోకి తీసుకెళ్ళింది. జబ్బు మనిషిని పట్టుకుని అలాంటి మాటలు అనవచ్చా అని అడిగింది. అతను మంచం పట్టి పది రోజులైందని, ఆ రంగు లోపలి అవయవాలు పాడైనందువల్ల వచ్చిందని చెప్పింది. గ్యారీ ముఖం ఎర్రబడింది. టోపీ తీసి చేతిలో పట్టుకుని లోపలికి వచ్చి, యోగానంద్ చేయి పట్టుకుని క్షమాపణ చెప్పాడు. కాసేపటికి అతని భార్య సూపు పంపింది. అందులో కూడా ఉప్పు లేదు. నీరజ చెప్పి పంపించింది.

సాయంత్రం విశ్వనాథం గారు స్టెతస్కోపు, బీపీ మిషన్ తీసుకుని వచ్చారు. ఆయన్ని చూడగానే యోగానంద్ దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. ఈయనతో అబద్ధం చెప్పకూడదని ఆ క్షణానే నిశ్చయించుకున్నాడు. నిజం చెప్పే ధైర్యం కూడా లేదు కాబట్టి, అడిగినదానికి అడిగినంత వరకు నిజమే చెబుదామనుకున్నాడు.

"ఆకలి ఎలా ఉంది?"

"పది రోజులుగా అన్నం ముట్టలేదు అంకుల్."

"నిద్ర?"

"పగలంతా పడుకునే ఉన్నాను."

"ఒళ్ళు?"

"మంట. వీపు మరీ ఎక్కువ."

ఒక్కో జవాబుకు గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళు ఒక్కో అడుగు లోపలికి వచ్చారు. తేజశ్రీ మాత్రం ఒక్కో అడుగు వెనక్కి వేసి గోడకు ఆనుకుంది. విశ్వనాథం గారు నాడి చూడడానికి చేతి గడియారం కాస్త పైకి జరిపారు. దాని కింద మణికట్టు చుట్టూ కట్టు కట్టినట్టు తెల్లటి పట్టీ ఉంది. ఆయన దాన్ని చూశారు. ముఖం వైపు చూశారు. ముక్కు మీద లేచిన పొర చూశారు. గడియారాన్ని మళ్ళీ జాగ్రత్తగా ఉన్నచోటికే జరిపారు.

"ఊఁ," అన్నారు. తరువాత అందరికీ వినబడేలా అన్నారు, "జాగ్రత్తగా చూసుకోవలసిన కేసే."

వీపు సంగతి డాక్టరు ముందే బయటపడింది కాబట్టి, ఆయన అటు వెళ్ళగానే బాలత్రిపురసుందరి గారు మూకుడులో ఇసుక వేయించారు. నీరజ మూట కట్టింది. దీపక్ యోగానంద్‌ను బోర్లా తిప్పి పట్టుకున్నాడు. పసిఫిక్ తీరంలో పది రోజులు కాలిన వీపు మీద, చొక్కా పైనుంచే అయినా, ఆ మూట ఆనగానే యోగానంద్ వేసిన కేక గ్యారీ ఇంటిదాకా వినబడింది. జబ్బు సరిగ్గా అక్కడే ఉందని ముగ్గురూ ఒప్పుకుని, అక్కడే మళ్ళీ పెట్టారు.

ఆదివారం ఉదయానికి వ్యవహారం దేవుడి దాకా పోయింది. బాలత్రిపురసుందరి గారు సస్కటూన్ పంతులుగారితో మాట్లాడారు. వచ్చే ఆదివారం, మొదట యోగానంద్‌కు మృత్యుంజయ హోమం, ఆ వెంటనే వాయిదా పడ్డ భీమరథ శాంతి, రెండూ ఒకేచోట జరిపించడానికి ఆయన ఒప్పుకున్నారు. ఆ మాట చెప్పడానికి ఆమె మంచం పక్కన కూర్చున్నారు. మనిషి నీరసంగా ఉన్నారు. మాటిమాటికీ నుదురు నొక్కుకుంటున్నారు. ఏమైందని యోగానంద్ అడిగాడు.

"ఏం లేదు నాయనా. నువ్వు లేచి తిరిగేదాకా కాఫీ ముట్టనని మొక్కుకున్నాను."

అది విని యోగానంద్ లేచి కూర్చున్నాడు. రోజుకు ఎన్నిసార్లు తాగుతారో ఆమెకే లెక్క ఉండని కాఫీ అది. ప్రయాణాల్లో కూడా ఫిల్టరు వెంట తీసుకెళ్ళే మనిషి. తను సముద్రంలో మునకలేసి వచ్చినందుకు ఆమె కణతలు నొప్పి పుట్టించుకుని కూర్చున్నారు. ఆమె వంటింట్లోకి వెళ్ళాక అతను తేజశ్రీ వైపు చూశాడు.

"చెప్పేస్తాను," అన్నాడు. "తిట్టినా సరే, వెళ్ళగొట్టినా సరే."

"చెప్పెయ్," అంది తేజశ్రీ. ఆమెకు కూడా రాగిజావ పడడం లేదు.

విశ్వనాథం గారు రాగానే, ఒంటరిగా మాట్లాడాలన్నాడు. ఆయన అందరినీ బయటికి పంపి తలుపు వేశారు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"అంకుల్, మీరు నన్ను క్షమించాలి. నాకు జ్వరం..."

"ఏ ఊరు?"

"అంటే..."

"ఏ బీచ్ అని అడుగుతున్నానోయ్."

యోగానంద్ తల వంచుకున్నాడు. "సయులిటా," అన్నాడు. "చివర్లో మజట్లాన్."

"బాగుంటుందా?"

"చాలా బాగుంటుంది అంకుల్."

ఆ ఒక్క ప్రశ్న చాలు. ఆ ఊళ్ళ గురించి ఎవరికీ చెప్పలేక కడుపు ఉబ్బి ఉన్న మనిషి అతను. సయులిటా వీధుల మీద ఈ కొస నుంచి ఆ కొసకు కట్టిన రంగుకాగితాల తోరణాలు, బుసెరియాస్‌లో వలలు దులుపుకునే జాలర్ల చుట్టూ చేరే పెలికాన్లు, మామిడికాయ ముక్కల మీద ఉప్పూ కారమూ చల్లి పొట్లం ఇచ్చే ముసలామె, మజట్లాన్ ఒడ్డున ఎంత నడిచినా అయిపోని సిమెంటు బాట, అన్నీ చెప్పాడు. నీళ్ళు ఎంత వెచ్చగా ఉంటాయో చేతులు కదిలించి చూపించాడు. విశ్వనాథం గారు గడ్డం కింద చేయి పెట్టుకుని విన్నారు. మధ్యలో ఒకసారి, అల పెద్దదా చిన్నదా అని అడిగారు.

అంతా చెప్పి అయ్యాక యోగానంద్‌కు తాను ఏం చేశాడో గుర్తొచ్చింది. "మీకు ఎప్పుడు తెలిసింది అంకుల్?"

"నిన్న చూడగానే. లివర్ పాడైనవాడికి గాగుల్స్ మేర తెల్లగా మిగలదు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

విశ్వనాథం గారు తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "పీటల మీద నాలుగు గంటలోయ్. నా మోకాళ్ళ సంగతి నీకు తెలియదు. కూర్చుంటే మళ్ళీ లేవలేను. ఆపైన నెత్తిన కలశాల నీళ్ళు. ఫిబ్రవరిలో, ఆ హాల్లో. అక్కడ హీటర్ ఎట్లా ఉంటుందో చూశావుగా. వద్దని మీ ఆంటీతో చెప్పే ధైర్యం నాకు లేదు. నీకు జ్వరం అనగానే దేవుడే పంపాడనుకున్నాను."

యోగానంద్‌కు ఎక్కడో కొంచెం చివుక్కుమంది. "అంటే నా మీద ప్రేమతో ఆపలేదా?"

"అదీ ఉంది," అన్నారు విశ్వనాథం గారు నిజాయితీగా. "మోకాళ్ళు ముందు." కుర్చీ ఇంకా దగ్గరికి జరిపారు. "నా మాట విను. మంచు కరిగేదాకా నువ్వు కోలుకోవద్దు."

"ఆంటీ కాఫీ మానేశారు అంకుల్."

ఆయన ముఖం వాడిపోయింది. కాఫీ లేకుండా ఆవిడ ఉన్న ఇంట్లో నిన్నటి నుంచి ఉంటున్నది ఆయనే మరి. కాసేపు ఆలోచించారు. పదిమందీ ఒప్పుకునేది, పీటలు తప్పించేది, కాఫీ తెప్పించేది ఒక్క మార్గమే ఆయనకు కనబడింది. లేచి, స్టెతస్కోపు మెడలో సరిగ్గా వేసుకుని, తలుపు తీశారు.

హాల్లో అందరూ నిలబడే ఉన్నారు. మందులతో తగ్గే జబ్బు కాదని విశ్వనాథం గారు చెప్పారు. దీనికి ఎండ కావాలి, సముద్రపు గాలి కావాలి. వెంటనే ఏదైనా వెచ్చటి తీరానికి తీసుకెళ్ళి కొన్నాళ్ళు ఉంచితే మనిషి లేచి తిరుగుతాడు. రోగిని ఒంటరిగా పంపకూడదు కాబట్టి డాక్టరుగా తాను వెంట వెళ్తారు. హోమాలూ శాంతులూ ఆ తరువాత చూసుకోవచ్చు.

బాలత్రిపురసుందరి గారు కణతలు నొక్కుకుంటూ విన్నారు. "ఏ ఊరైతే మంచిది?" అని అడిగారు.

"సయులిటా అని ఒకటి ఉందిట," అన్నారు ఆయన, వెంటనే.

"అక్కడ సముద్రం నిజంగా వెచ్చగా ఉంటుందా?"

"స్నానం చేస్తే లేవబుద్ధి కాదుట. అలలు కూడా చిన్నవేట."

ఆమె చేతులు కిందికి దించారు. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె ముఖంలో కళ వచ్చింది. "అయితే ఇంకేం. హోమం, శాంతి రెండూ అక్కడే చేయిద్దాం. ఈ చలి హాలెందుకు? చెంబులూ కలశాలూ ఏమిటి, సముద్రమే ఉంటే. ఇసుకలో ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చోవచ్చు."

విశ్వనాథం గారు ఏదో చెప్పబోయారు. ఆమె అప్పటికే ఫోన్‌లో ఉన్నారు. సస్కటూన్‌లో ఆ రోజు రెజైనా కంటే ఎక్కువ చలి. పంతులుగారు పంచాంగం తిరగేసి, సముద్రతీరమైతే ముహూర్తం ఇంకా బాగుందని, నాలుగు గంటల తంతును ఆరు గంటలు చేసి శాస్త్రోక్తంగా జరిపిస్తానని అన్నారు. తాను కూడా సకుటుంబంగా వస్తానన్నారు. దీపక్ లాప్‌టాప్ తెరిచి ప్యాకేజీలు వెతకడం మొదలుపెట్టాడు. గ్యారీని పిలిస్తే, తాను ఏటా పోయే తీరమే అదని చెప్పి, సాయానికి తాను వస్తానని కూర్చున్నాడు. విశ్వనాథం గారు మెల్లగా సోఫాలో కూర్చుని మోకాలు రాసుకున్నారు.

నీరజ తేజశ్రీ భుజం మీద చేయి వేసింది. "నువ్వు ఎప్పుడూ అటు పోలేదుగా. నీక్కూడా కాస్త మార్పు."

"అక్కడ ఏమేం ఊళ్ళు ఉంటాయో," అంది తేజశ్రీ.

ఆ మధ్యాహ్నం యోగానంద్ ఆఫీసు పోర్టల్ తెరిచి చూసుకున్నాడు. వెకేషన్ ఒక్కరోజు కూడా మిగల్లేదు, సిక్ లీవ్ మాత్రం బోలెడంత ఉంది.